మొదలు జనగామది, కొమ్మ మానుకోటది

చనిపోవడానికి ముందస్తు అనుమతి అవసరమైన ప్రాణి ఈ సృష్టిలో చెట్టు ఒక్కటే. మనిషి తన వేళ వచ్చినప్పుడు పోవచ్చు, ఎద్దు పోవచ్చు, ప్రభుత్వాలు సైతం పోవచ్చు; ఎవరూ అభ్యంతరం చెప్పరు. చెట్టు మాత్రం తన ఏ కొమ్మ, ఏ దిక్కున, ఏ జిల్లా పరిధిలో ఎండదలచుకున్నదో ముందుగా విన్నవించుకోవలసి ఉంటుంది. విన్నవించుకోకుండా ఎండిన చెట్టును వృక్షక్షేమ శాఖ బతికి ఉన్నట్టే పరిగణిస్తుంది. (విన్నవించుకోకుండా బతికిన చెట్టును ఏమని పరిగణిస్తుందో ఈ కథ చివరికి తేలుతుంది.)

ఈ సూక్ష్మం తొర్రూరు బజారులో అందరికంటే బాగా తెలిసినవాడు లక్ష్మీకాంత్. ఆయన అమ్మేది కందిపప్పు, నూనె, శనగపిండి. ఆయన ప్రాణం ఉండేది మాత్రం అర్జీల్లో. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆయన దుకాణానికి వస్తారు, తరువాతే దేవుడి దగ్గరికి వెళ్తారు. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. ఉచితంగా రాస్తాడు గనుకనే అంత పొడుగ్గా రాస్తాడని ఆయన భార్య అరుంధతి అభిప్రాయం.

ఆ ప్రాంతంలో అర్జీకి ఒక సంప్రదాయం ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ చదవరు. వీధిదీపం వెలగకపోతే, గ్రామం యావత్తూ అంధకారంలో మునిగి ఆబాలగోపాలం సర్పభయంతో గడగడలాడుతున్నట్టు రాయాలి. బోరింగు చెడిపోతే, దప్పికతో నాలుకలు పిడచకట్టి ప్రజలు వలసబాట పట్టినట్టు రాయాలి. పేజీన్నర పాటు ప్రాణాపాయం నడిపి, కావలసింది చివరి వాక్యంలో వినయంగా అడగాలి. రాసేవాడు రెండింతలు పెంచుతాడని చదివే అధికారికి తెలుసు; ఆయన చదువుతూనే సగానికి తగ్గించుకుంటాడు. అలా ఇద్దరూ తమ తమ ధర్మం నెరవేర్చగా మధ్యలో ఎక్కడో నిజం నిలబడేది. ఈ ఏర్పాటు కొన్ని తరాలపాటు ఎవరికీ నష్టం లేకుండా సాగింది.

ఆ తరువాత వృక్షక్షేమ శాఖ 'చిగురు' అనే యాప్‌ను ప్రారంభించింది. ఆ యాప్‌కు పెంచి రాసింది చదవడం వచ్చు. తగ్గించుకోవడం ఎవరూ నేర్పలేదు.

తొర్రూరు నుంచి పాలకుర్తి పోయే దారిలో ఒక కల్వర్టు ఉంది. దానికి ఇవతల, జనం మానుకోట అని పిలిచే మహబూబాబాద్ జిల్లా; అవతల జనగామ జిల్లా. (వెనుక రెండూ ఒకే వరంగల్ జిల్లాగా ఉన్నప్పుడు ఆ కల్వర్టు కింద నీళ్లు మాత్రమే పారేవి.) కల్వర్టును ఆనుకొని ఒక పెద్ద వేపచెట్టు. దాని మొదలు అవతలి గట్టున జనగామ జిల్లాలో ఉంది. బలమైన కొమ్మలన్నీ ఇవతలికి వాలి మహబూబాబాద్ జిల్లా మీద నీడ పరిచాయి. జిల్లాలను విడదీసిన నాడు ఆ చెట్టుకు ఎవరూ కబురు పెట్టలేదు. ఆ నీడలో కమలమ్మ టీ కాచి, మిరపకాయ బజ్జీలు వేసి అమ్ముతుంది. బస్సులు అక్కడ ఆగుతాయి. ఆ చోటును కండక్టర్లు 'యాపచెట్టు స్టేజి' అంటారు. ప్రయాణికులకు షెల్టరూ, కమలమ్మ హోటలుకు పైకప్పూ, స్టేజికి పేరూ అన్నీ ఆ చెట్టే.

ఆ ఏడు శ్రావణంలో పోచమ్మకు బోనం ఎత్తేందుకు మండలు విరుద్దామని కమలమ్మ ఒక కొమ్మ వంచింది. ఆకులు గలగలమని ఆమె చేతిలోనే రాలిపోయాయి. మరునాడు శనగపిండి బస్తా దింపించడానికి వచ్చిన లక్ష్మీకాంత్‌ను ఆమె చెట్టు కింద నిలబెట్టింది.

"సేటు, జర పైకి జూడు. కొసలన్ని మాడిపోయినయ్. ఎవడన్న మంట పెట్టిండేమో అని చుట్టూ తిరిగి చూసిన. నా పొయ్యి తప్ప ఇంకేం లేదు."

"నీ పొయ్యి సెగ అంత పైకి పోతదా కమలమ్మా?"

"నా పొయ్యి సెగకు బజ్జే సక్కగ కాలది సేటు. చెట్టేం కాల్తది?"

ఆమె భర్త వీరేశం అప్పటికే పొడుగాటి వెదురుకు కొడవలి కట్టి సిద్ధంగా ఉన్నాడు. "పేపర్ల రాసిండ్రు సేటు. గీ తెగులు అంతటా ఉన్నదట. కొసల కాంచి కిందికి ఎండుకుంట వస్తదట. ఎండిన కాడికి, ఇంకో జానెడు పచ్చిది కలిపి కోసి కాలబెట్టి, మందు కొడితే నిలబడ్తదట. పొద్దుగూకేలోపట అయిపోతది."

వాస్తవానికి అది అంతే. శాస్త్రవేత్తలు చెప్పిందీ అదే, పత్రికలు రాసిందీ అదే. పని ఒక పూటది. పనిముట్టు చేతిలో ఉంది. చెట్టు ఎదురుగా ఉంది. సరిగ్గా ఈ దశలో లక్ష్మీకాంత్‌కు చట్టం గుర్తుకొచ్చింది.

"దించు వీరేశం. సర్కారు రోడ్డు మీది చెట్టు ఇది. కొడవలి ఆనిందంటే కేసు అయితది. కాయిదం పెట్టి, పర్మిషన్ తీసుకొని, దర్జాగ కోద్దాం."

"ఎన్ని దినాలైతది సేటు?"

"రాసేది నేను."

ఈ జవాబుకు అర్థమేమిటో వీరేశానికి బోధపడలేదు. కానీ చదువుకున్న మనిషి మాట గనుక వెదురును చెట్టుకు ఆనించి పెట్టాడు. ఆ వెదురు ఏడాది పాటు అక్కడే ఉంది.

ఆ రాత్రి భోజనం కాగానే లక్ష్మీకాంత్ తన జీవితంలోనే అత్యుత్తమమైన అర్జీ రాశాడు. "ఏ క్షణమున ఏ శాఖ విరిగి ఏ అభాగ్యుని శిరస్సుపై పడునో, ఏ పసికందు తల్లి ఒడిలోనే నెత్తురు మడుగున తేలునో అను భీతితో ప్రయాణికులు బస్సు కొరకు గాక మృత్యువు కొరకు నిరీక్షించుచున్నారు" అన్న వాక్యం దగ్గర ఆయనకే కన్ను చెమర్చింది. చివరన, సంప్రదాయానుసారం, ఎండిన కొసలను మాత్రం కత్తిరించుకొనుటకు అనుమతి వేడుకున్నాడు.

అరుంధతి చదివి, కాగితం తిరిగి ఇచ్చేసింది. "మీరు అడిగింది గోరంత. ఏడ్చింది ఊరంత. వాళ్లు ఏడ్పునే మంజూరు చేస్తరేమో చూసుకోండి."

ఆమెకు సాహిత్యం తెలియదని ఆయన సరిపెట్టుకున్నాడు.

యాప్‌లో అర్జీని ఎక్కించడానికి చెట్టు మొదలు దగ్గర ఒక ఫొటో, వ్యాధి సోకిన భాగం కింద ఒక ఫొటో తీయాలి. లక్ష్మీకాంత్ రెండూ తీశాడు. మొదటిది జనగామ జిల్లాలో పడింది, రెండోది మహబూబాబాద్ జిల్లాలో పడింది. యాప్ కాసేపు చక్రం తిప్పి, అర్జీని తన దగ్గర ఉంచుకొని, "చెట్టు కనుగొనబడలేదు" అని ప్రకటించింది. ఆ ప్రకటనను ఆయన ఆ చెట్టు నీడలోనే నిలబడి చదివాడు.

దాంతో ఆయన స్వయంగా జనగామ వెళ్లి శాఖ కార్యాలయంలో స్వాతి మేడమ్‌ను కలిశాడు. ఆమె వృక్షమూల పర్యవేక్షణ అధికారి. మర్యాదస్తురాలు, కూర్చోమని కుర్చీ చూపించి మరీ నిరాకరించింది.

"మొదలు మాదే అన్నా, కాదనం. కానీ మా పరిధిలో ఉన్నంతవరకు చెట్టు బాగనే ఉన్నది. బాగున్న మొదలుకు మేం ఏమని వైద్యం రాస్తం?"

అక్కడి నుంచి ఆయన మహబూబాబాద్ వచ్చి, శాఖాగ్ర పర్యవేక్షణ అధికారి సుభాష్ సారును కలిశాడు. సుభాష్ ఫైలు తెరవకుండానే సానుభూతి తెలిపాడు.

"రోగం మాదే సేటు. ఒప్పుకుంటున్న. కానీ చెట్టు మాది కాదు. చెట్టు లేకుండ ఉట్టి రోగాన్ని ఎట్ల రాసుకోవాలె? రేపు ఆడిటోళ్లు వచ్చి రోగం ఎవరికున్నదని అడుగుతరు."

"ఇద్దరూ కలిసి చూడరాదా సార్?"

"చూడొచ్చు. ముందు ఎవరు పిలవాలన్నది తేలాలె."

ఆ ప్రశ్న తేలేసరికి దసరా వచ్చింది. తెగులుకు మాత్రం పరిధుల పరిజ్ఞానం లేదు. కొసల్లో పుట్టి, రెమ్మల మీదుగా, కొమ్మల వెంట కిందికి దిగి, బతుకమ్మ ఆడే రోజులకు కల్వర్టు దాటి జనగామ జిల్లాలో ప్రవేశించింది. జనగామ కార్యాలయం దీన్ని తీవ్రంగా పరిగణించి, తమ జిల్లాలోకి ఎండును ముందస్తు సమాచారం లేకుండా పంపినందుకు మహబూబాబాద్ కార్యాలయాన్ని సంజాయిషీ కోరింది. ఎండు తమ పరిధిలో ఉన్నంతకాలం క్రమశిక్షణతోనే మెలిగిందని మహబూబాబాద్ కార్యాలయం బదులిచ్చింది.

ఎట్టకేలకు ఉమ్మడి తనిఖీ జరిగింది. రెండు జీపులు వచ్చి కల్వర్టుకు చెరోవైపు ఆగాయి. స్వాతి అవతలే నిలబడింది, సుభాష్ ఇవతలే నిలబడ్డాడు. కమలమ్మ సరిహద్దు దాటి వెళ్లి మేడమ్‌కు టీ ఇచ్చి వచ్చింది. (అంతర్ జిల్లా స్థాయిలో ఆ రోజు జరిగిన ఏకైక సమన్వయం అదే.) బజ్జీలు బాగున్నాయన్న విషయంలో రెండు జిల్లాలకూ ఏకాభిప్రాయం కుదిరింది. చెట్టు విషయం తమ స్థాయికి మించినదని తీర్మానించి, భూపాలపల్లిలోని వృక్షరోగ నిర్ధారణ కేంద్రానికి పంపారు. అడవులున్న జిల్లా గనుక చెట్ల సంగతి తెలిసినవారు అక్కడే ఉంటారన్నది వారి తర్కం. నమూనాగా ఒక ఎండుకొమ్మను అర్జీదారుడే తీసుకువెళ్లాలన్నది నిబంధన.

కొమ్మను పాత చీరముక్కలో చుట్టి లక్ష్మీకాంత్ బయలుదేరాడు. అరుంధతి కూడా వెంట వచ్చింది. "అంత దూరం పోయినంక కాళేశ్వరం కూడ చూసుకొని వద్దాం. ఆ దేవుని కాడ యాప్ లేదు" అని ఆమె కారణం చెప్పింది. ఘనపూర్ దాటి భూపాలపల్లి చేరేదాకా దారి పొడవునా వేపచెట్లన్నీ ఎవరో పైనుంచి నిప్పు చల్లినట్టు గోధుమరంగు తిరిగి ఉన్నాయి. ఆయన ఆ చెట్లకేసి జాలిగా చూశాడు. పాపం, వాటికి అర్జీ రాసేవాళ్లు లేరు.

నిర్ధారణ కేంద్రంలో నిపుణుడు రాజమల్లు. టేకు విషయంలో ఆయనకు తెలియనిది లేదు. వేప విషయంలో ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొమ్మను తిప్పి తిప్పి చూసి, కళ్లజోడు తీసి, నిర్ధారణ చెప్పాడు.

"ఎండిపోయింది."

"అది మాకూ కనబడ్డది సార్," అన్నాడు లక్ష్మీకాంత్.

"మీకు కనబడ్డది వేరే, మేం నిర్ధారించింది వేరే. ఇప్పుడిది అధికారికంగా ఎండింది."

కిటికీలోంచి అరుంధతి బయటికి చూస్తోంది. కేంద్రం ఆవరణలో ఒక వేపచెట్టు నెత్తి మొత్తం మాడి ఉంది. దాని కిందనే రాజమల్లు కారు నిలిపి ఉంది.

"మరి గా చెట్టు సంగతేంది సార్?" అని ఆమె అడిగింది.

"దాని మీద ఎవరూ అర్జీ పెట్టలేదమ్మా."

మరునాడు కాళేశ్వరంలో గోదావరి స్నానం చేసి, ఇద్దరూ దర్శనానికి నిలబడ్డారు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకరు కాలుడు, ఒకరు ముక్తేశ్వరుడు. ప్రాణం తీసే శాఖ, ప్రాణాన్ని విడిపించే శాఖ ఒకే పీఠం మీద పక్కపక్కనే కూర్చుని, ఇన్ని యుగాలుగా పరిధి గురించి ఒక్క ఉత్తరమూ రాసుకోకుండా పని చేసుకుపోతున్నాయి. లక్ష్మీకాంత్ చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డాడు.

చలికాలం వచ్చేసరికి చెట్టు పూర్తిగా బోసిపోయింది. కమలమ్మ నీడకు నీలం రంగు ప్లాస్టిక్ తాటిపత్రి కట్టింది. దాని కింద మధ్యాహ్నం పూట, చలికాలంలో కూడా, ఉడుకుతో ఎవరూ కూర్చోలేకపోయేవారు. కొత్త డ్రైవర్లు యాపచెట్టు కోసం చూస్తూ స్టేజి దాటిపోయేవారు. పిండి వాడకం సగానికి పడింది. ఆ సంగతి అందరికంటే ముందు పిండి అమ్మే లక్ష్మీకాంత్‌కే తెలిసింది. కమలమ్మ ఇచ్చే టీలో పంచదార కూడా తగ్గినట్టు ఆయనకు తోచింది.

శివరాత్రి దాటాక ఒక పొద్దున కమలమ్మ ఫోను చేసింది. "సేటు, దుకాణం ఎవరికన్న అప్పజెప్పి రా. చెట్టును చూద్దువు."

ఎండు కొసల కింద, ప్రతి రెమ్మ నుంచీ, రాగి రంగు చిగుళ్లు తోసుకొచ్చాయి. మానుకోట వైపు, జనగామ వైపు, ఏ వైపూ మిగలలేదు. లోపల మాను పచ్చిగానే ఉండి, తన కాలం కోసం ఊరుకున్నది. పది దినాలు గడిచేసరికి పూత కూడా మొదలైంది. స్టేజి అంతా తియ్యటి వాసన వేసింది. వీరేశం వెదురు వైపు చూసి, "ఎండు కొసలు ఇప్పటికన్న కోసేద్దునా సేటు?" అని అడిగాడు.

"ఆగు, కాయిదం రానీ," అన్నాడు లక్ష్మీకాంత్, అలవాటు చొప్పున.

కాగితం వచ్చింది. దాని మీద 'ప్రాణాంతక వృక్ష తొలగింపు ఉత్తర్వు' అని ఉంది.

యాప్ మళ్లీ మళ్లీ చదివి, "శిరస్సు", "పసికందు", "నెత్తురు మడుగు", "మృత్యువు" అనే పదాలను ఏరి, తీవ్రతను అత్యున్నత శ్రేణిలో నిర్ధారించింది. చివరి వాక్యంలోని కొసల కత్తిరింపు విన్నపం అంతటి తీవ్రతతో పొసగనందున దాన్ని అక్షరదోషంగా భావించి తొలగించింది. వీలైనంత త్వరగా చెట్టును నేలమట్టం చేసి ప్రజల ప్రాణాలు కాపాడవలసిందిగా సుభాష్‌కు ఆదేశం.

లక్ష్మీకాంత్ మహబూబాబాద్‌కు పరుగెత్తాడు. సుభాష్ లేచి నిలబడి చేయి కలిపాడు.

"రాండి సేటు. మీ అర్జీ హైదరాబాద్ దాక పోయింది. కొత్తగ చేరినోళ్లకు శిక్షణల చూపెడుతున్నరట. అర్జీ అంటే గిట్లుండాలె అని."

లక్ష్మీకాంత్ ఎందుకొచ్చాడో ఒక క్షణం మరిచిపోయాడు. (ఆ క్షణానికి ఆయన తరువాత చాలా సిగ్గుపడ్డాడు; అంత గొప్ప క్షణం మాత్రం ఆయన జీవితంలో మళ్లీ రాలేదు.) తేరుకొని, "సార్, చెట్టు చిగురేసింది. పూత మీద ఉన్నది. కొట్టేది లేదు" అన్నాడు.

"మరి ఏ క్షణమున ఏ శాఖ విరిగి..." సుభాష్ కాగితం చూడకుండానే అప్పజెప్పాడు.

"అది రాసే పద్ధతి సార్. మీకు తెల్వదా?"

"నాకు తెలుసు. యాప్‌కు తెల్వది. అర్జీ వాపసు తీసుకోవాలంటే ఒకటే దారి ఉన్నది. ప్రమాదం లేకున్నా ఉన్నదని రాసిన్నని ఒప్పుకోవాలె. అప్పుడు అతిశయోక్తి నియంత్రణ నిబంధన కింద మీకు జీవితాంతం అర్జీ రాసే హక్కు పోతది. ఆలోచించుకోండి."

ఇంటికి వచ్చి ఆయన అన్నం ముట్టలేదు. సంగతి విన్న అరుంధతి కంచం పక్కకు జరిపింది.

"అదేనా శిక్ష? దానికి నేను గుళ్లె దీపం పెడత," అంది. ఆయన ముఖం చూసి, గొంతు తగ్గించి మళ్లీ అంది: "కమలమ్మ నోటికాడి బువ్వ అది. ఆ కొడవలిని ఆపింది మీరే గద."

లక్ష్మీకాంత్ తన జీవితంలోకెల్లా పొట్టి అర్జీ రాశాడు. "అయ్యా, చెట్టు బతికే ఉన్నది. ప్రమాదం ఏమీ లేదు. ముందు ఎక్కువ చేసి రాసినాను." విశేషణం ఒక్కటీ లేని ఆ కాగితం కింద సంతకం పెట్టేటప్పుడు తన పేరు తనకే పరాయిగా కనిపించింది.

మూడో నాటికల్లా సందేశం వచ్చింది. "మీ అర్జీలో సమస్య ఏదీ కనిపించనందున, సమస్య పరిష్కరించబడినదిగా ముగించడమైనది. మీ అర్జీ హక్కు రద్దు చేయడమైనది. మా సేవల పట్ల మీ సంతృప్తిని నక్షత్రాల్లో తెలపండి."

తొలగింపు ఉత్తర్వు వేరే ఫైలు. పరిష్కారం దాన్ని తాకలేదు.

ఉగాదికి ముందు రంపపు మిషన్లతో మనుషులు దిగారు. వాళ్లకంటే ముందే స్వాతి మేడమ్ జీపు అవతలి గట్టున ఆగి ఉంది. మొదలు జనగామది గనుక మహబూబాబాద్ ఉత్తర్వుతో దాని మీద రంపం ఆనరాదని ఆమె చేతిలో లేఖ. ఆమెకు చెట్టు మీద ప్రేమ ఉన్నట్టు ఆ లేఖలో ఎక్కడా లేదు. అయినా ఆ పూట మొదలును కాపాడింది ఆ లేఖే. చర్చల అనంతరం నేల మీద సున్నంతో జిల్లా సరిహద్దు గీశారు. గీత మీది నుంచి తాడు కట్టిన రాయి వేలాడదీసి, ఆకాశంలో ఏ కొమ్మ ఏ జిల్లాదో తేల్చారు. తాడుకు ఇవతలున్న ప్రతి కొమ్మా కోతకు వచ్చింది.

కమలమ్మ పొయ్యి ఆర్పలేదు. తాటిపత్రి కింద నిలబడి పైకి చూస్తూ, "అన్నా, గా చిన్న కొమ్మ ఒక్కటి ఇడువరాదుండ్రి. పొయ్యి మీదికి నీడ పడ్తది" అని అడిగింది.

మిషను పట్టుకున్నవాడు నిజాయితీగా తాడు వైపు చూశాడు. "ఇవతలికి వచ్చింది అవ్వా. జానెడు జరిగి మొలిస్తే బాగుండు."

మధ్యాహ్నానికి చెట్టు ఒక పక్క పాపిట తీసినట్టయింది. జనగామ వైపు నిండుగా పూత. మానుకోట వైపు ఉత్త ఆకాశం. నీడంతా మనుషులెవరూ నిలబడని అవతలి గుంటలో పడింది. ప్రాణాంతక వృక్షాన్ని తొలగించినట్టు సుభాష్ ఫొటో ఎక్కించాడు. వృక్షాన్ని సంరక్షించినట్టు స్వాతి ఫొటో ఎక్కించింది. రెండూ ఒకే చెట్టువి కావని యాప్ ధ్రువీకరించింది.

అందరూ పోయాక లక్ష్మీకాంత్ ఎండలో నిలబడి ఉన్నాడు. కమలమ్మ కింద పడిన కొమ్మల నుంచి వేపపూత దూసి, కాగితంలో పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది.

"పండుగ పచ్చట్లకు అక్కరకొస్తది, తీస్కపో సేటు. నీ దుకాణంల దొరకది గద."

ఆయన పొట్లాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఉగాది నాడు పచ్చడిలో చేదు ఎక్కువైంది. ఆయన రెండోసారి పోయించుకుని తాగాడు.

వేసవిలో శాఖ వార్షిక నివేదిక వెలువడింది. అర్జీ లేని చెట్లన్నీ, భూపాలపల్లి ఆవరణలో కారు మీది చెట్టుతో సహా, ఫాల్గుణంలో వాటంతటవే చిగిర్చి నిండుగా నిలబడ్డాయి. వాటి విషయంలో శాఖ ఏ చర్యా తీసుకోలేదు. నివేదికలో వాటిని 'శాఖ సాధించిన విజయాలు' అనే శీర్షిక కింద చూపారు.

మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాయి. కోసిన మొండాల నుంచి గుత్తులు గుత్తులుగా మళ్లీ చిగుళ్లు లేచి, కమలమ్మ పొయ్యి వైపు సాగడం మొదలుపెట్టాయి. రెండు వారాల్లో నోటీసు వచ్చింది. మహబూబాబాద్ పరిధిలో తొలగింపు పూర్తయినట్టు నమోదైన చోట, విన్నవించుకోకుండా చిగుళ్లు వెలువడినట్టు ఉపగ్రహ చిత్రంలో గుర్తించడమైనది. ఇది అనధికార పచ్చదనం. మూల అర్జీదారుడు లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వని పక్షంలో వాటిని తొలగించడం జరుగుతుంది. మూల అర్జీదారుడికి లిఖితపూర్వకంగా ఏదీ ఇచ్చే హక్కు లేదని నోటీసు కిందనే గుర్తు చేశారు.

లక్ష్మీకాంత్ దాన్ని కమలమ్మకు చదివి వినిపించాడు.

"ఏమంటున్నరు సేటు?"

"చిగురు ఎందుకొచ్చిందో చెప్పమంటున్నరు."

"చెప్పరాదు మరి?"

"నన్ను చెప్పొద్దంటున్నరు."

కమలమ్మ బజ్జీ తిప్పుతూ ఆలోచించింది. "అయితే ఎటు తిరిగి కోసుడే అన్నట్టు," అంది.

ఇంటికి వచ్చి ఆయన నోటీసును అరుంధతి ముందు పెట్టి కూర్చున్నాడు. ఇంతకాలంలో ఆయన నేర్చుకున్నది ఒకటే ఉంది. ఆ శాఖలో తేలిన సంగతి చెట్టు ప్రాణానికి వస్తుంది; తేలని సంగతి జోలికి ఎవరూ పోరు. ఆ మాట ఆయన నోట విన్న అరుంధతి లేచి, లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది.

"నువ్వు రాయి, నేను చెప్తలే," అన్నాడు ఆయన ఆత్రంగా.

"మీరు చెప్పొద్దు. మీరు చెప్తే మళ్లెవరి తలకాయనో పగుల్తది."

ఆమె రాసింది ఇంతే. "అయ్యా, మానుకోట కొమ్మకు వచ్చిన ఈ చిగురు, జనగామ మొదలు తాగిన నీళ్లతో వచ్చింది. ఇది ఏ జిల్లా చిగురో తెలియజేయగలరు. అరుంధతి."

యాప్ దానిలో ప్రాణాపాయం కోసం వెతికి, దొరకక, 'సందేహం' అనే వర్గంలో చేర్చింది. సందేహం తీరేదాకా చెట్టును ఎవరూ ముట్టరాదన్నది నిబంధన. సుభాష్ దాన్ని జనగామకు పంపాడు. నీళ్లు ఏ జిల్లావో తేల్చమని స్వాతి భూగర్భ జలాల వారికి రాసింది. భూపాలపల్లిలో రాజమల్లు చిగురు నమూనా పంపమన్నాడు. అది చేరేసరికి వాడిపోయినందున మళ్లీ పంపమన్నాడు. వీరేశం ఒక సాయంత్రం ఎవరినీ అడగకుండా వెదురు తీసుకొని, అవతలి వైపు మిగిలిన ఎండు కొసలన్నీ కోసి కాలబెట్టాడు. లక్ష్మీకాంత్ అటు వీపు పెట్టి కూర్చుని టీ తాగాడు. అందులో పంచదార సరిపోయింది.

చిగుళ్లు కొమ్మలయ్యాయి. నీడ మెల్లగా కల్వర్టు దాటి, కమలమ్మ పొయ్యి దాకా వచ్చింది. అరుంధతి సందేహం ఇంకా మూడు జిల్లాల మధ్య తిరుగుతూనే ఉంది. వృక్షక్షేమ శాఖ పుట్టిన నాటి నుంచి బతికించిన చెట్టు అదొక్కటే. ఆ సంగతి శాఖ దృష్టికి ఇంకా రాలేదు.